చెరువు గట్టున తమ్ముడి ఆయాసం

మే నెల మధ్యాహ్నం, కోడూరు దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీది పాకలో నాలుగేళ్ల తమ్ముడు ఆదిత్య ఆయాసపడడం మొదలుపెట్టాడు. అమ్మ పెడనలో పెళ్లికి వెళ్లింది. నాన్న వాణ్ణి చూసి, రొయ్యలకు వైద్యం చెప్పే గిరిధర్ మావయ్యను కేకేశాడు.

"నోరు పైకెత్తుతున్నాడా బావగారూ?"

"ఎత్తుతున్నాడయ్యా."

"ఎండకి ఆక్సిజన్ పడిపోయింది. ముందు మేత ఆపండి."

నాన్న తమ్ముడి చేతిలోని బిస్కెట్ లాక్కున్నాడు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు తెచ్చి, మావయ్య దాని కొసను వాడి మజ్జిగ గ్లాసులో ముంచాడు.

"ఆక్సిజన్ ఆరుంది. మజ్జిగలో ఏ లోపమూ లేదండీ."

"మరి వీడిలో?"

"ఏరేటర్లన్నీ వేయించండి."

నీళ్లను చిలికి గాలి కలిపే ఆ చక్రాలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. నాన్న తమ్ముణ్ణి తుంపర్లకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. అడుగున రొయ్యలకు హాయిగానే ఉండి ఉంటుంది.

"చెరువైతే సున్నం చల్లేవాణ్ణి బావగారూ," అని మావయ్య నిజంగానే బాధపడ్డాడు.

నేను పెద్దవాళ్ల మధ్య మాట్లాడను. దగ్గరికి వెళ్లి తమ్ముడి చొక్కా ఎత్తి చూశాను. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. వదిలేటప్పుడు సన్నగా ఈల. పొద్దున్నుంచి వాగుతూనే ఉన్న పిల్లాడు "అక్కా" అని ఆగి, గాలి పీల్చుకుని, "భయం" అన్నాడు. రెండు మాటలు కలిపి అనలేకపోయాడు.

"గాలి లేక కాదు నాన్నా! వాడి లోపలికే వెళ్లట్లేదు! ఆసుపత్రికి పదండి!"

ఎవరరిచారా అని నాన్న చెరువు చుట్టూ చూశాడు.

"మీ అమ్మాయేనండీ," అన్నాడు మావయ్య. "ఇది మాట్లాడుద్దా?"

బండి మీద నాన్న వెనక కూర్చుని తమ్ముణ్ణి నిటారుగా పట్టుకున్నాను. అవనిగడ్డలో డాక్టరమ్మ వాడి మూతికి మిషను మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించింది.

"ఉబ్బసంలా ఉందండీ. ఎండకీ దుమ్ముకీ ఎక్కువవుతుంది. లోపల గొట్టాలు బిగుసుకుంటే బయట ఎంత గాలుండి ఏం లాభం? డొక్కలు ఇలా లోపలికి లాగినా, మాట మధ్యలో తెగినా వెంటనే తీసుకురావాలి."

నాన్న చేతులు కట్టుకుని, "ఈ మిషను ఎన్ని హెచ్‌పీ మేడమ్?" అని అడిగాడు.

ఆమె తమ్ముడి చొక్కా పైకెత్తింది.

"మిషను కాదండీ, పిల్లాణ్ణి చూడండి. ఇక్కడ చెయ్యి పెట్టండి."

నాన్న తమ్ముడి పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించాడు. దాని కింద చర్మం లోపలికి పోవడం మెల్లగా తగ్గింది. మందు అయిపోయి మిషను ఆపేశాక కూడా ఆయన చెయ్యి తీయలేదు.