ముందు చక్రాల మూతలు

నలభై రెండేళ్లుగా రష్యా జీపు నడుపుతున్నాను. మంచులో నా బండి ఒక్కసారి కూడా దిగబడలేదు. మా నారిన్ లోయలో ఈ మాట అనగలిగిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. అనుమానముంటే ఎవరినైనా అడగండి. నా భార్య బురుల్‌ని మాత్రం అడక్కండి.

ఆ బండికి మా నాన్న పేరు పెట్టుకున్నాను, ఓసోర్ అని. ఆయనలాగే అదీ పొద్దున్నే దగ్గుతూ లేస్తుంది. మా కిర్గిజ్ కోడళ్లు మామగారి పేరు నోటితో పలకరు కాబట్టి బురుల్ దాన్ని ‘పెద్దాయన’ అంటుంది. తిట్టాల్సి వచ్చినా ‘మీరు’ అనే తిడుతుంది. నాకు ఆ మర్యాద లేదు.

పోయిన ఫిబ్రవరిలో మా అక్క ఉమ్సునాయ్ ఫోను చేసింది. అక్కకి డెబ్బై ఎనిమిదేళ్లు. చలికాలమంతా కారాబెల్ కనుమకి అవతల, అరవై గొర్రెలతో ఒక్కతే ఉంటుంది. అక్కడ ఫోను అందాలంటే దొడ్డి వెనక గుట్ట ఎక్కాలి. ఎక్కి మరీ చేసిందంటే అవసరం పెద్దదే.

“తమ్ముడూ, గడ్డి రేపటితో ఆఖరు. మంచు నా నడుం దాకా ఉంది. గొర్రెలు తవ్వుకుని మేయలేవు.”

“వాటి సంగతి తర్వాత చూద్దాం. గుర్రమెక్కి నువ్వు కిందికి దిగక్కా.”

“దిగను. నా పరుపులో గడ్డి తీసి పెడతాను. అదీ అయిపోతే దొడ్డి కప్పు పీకి పెడతాను. నువ్వొస్తే రా, లేకపోతే పొయ్యి దగ్గరే కూర్చో.”

తెల్లారగానే పన్నెండు మోపుల గడ్డి ఎక్కించి బయల్దేరాం, నేనూ బురుల్. కనుమ మొదట్లో రోడ్డు గేటు దగ్గర ఎసెన్ టీ తాగుతున్నాడు.

“దారి మూసేశాం బాబాయ్. సోమవారం బుల్‌డోజరు వస్తుంది, అప్పుడు వెళ్దువుగాని.”

“సోమవారానికి గొర్రెలుండవురా.”

“గేటెత్తితే నా ఉద్యోగం ఉండదు.”

“ఎత్తొద్దులే. నువ్వు టీ తాగు.”

గేటైతే ఉంది గానీ దానికి అటూ ఇటూ గోడ లేదు. పక్క పొలంలోంచి చుట్టు తిరిగి రోడ్డెక్కాను. ఎసెన్ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బురుల్ కిటికీలోంచి అతనికో రొట్టె అందించింది.

మూడో మలుపు దాకా దర్జాగా వెళ్లాం. అక్కడ గాలి, కొండ మీది మంచునంతా తెచ్చి దారికడ్డంగా పోసింది. నాలుగు చక్రాలూ లాగాలని చిన్న లివరు వేసి అందులోకి దూరాను. బండి బారెడు దూరం పోయి పొట్ట మీద కూర్చుంది.

ఒక్కసారి కూడా దిగబడలేదన్నాను కదా. ఆ రోజునీ, అంతకుముందు ఓ పాతిక రోజుల్నీ లెక్కలోంచి తీసేసి చెప్పాను.

“మంచు మంచిది కాదు,” అన్నాను.

“మంచేం చేసింది పాపం,” అంది బురుల్.

పార తీసుకుని పొట్ట కింద తవ్వాను. టైర్ల పక్కలు ఉబ్బి వెడల్పుగా పరుచుకునేదాకా గాలి తీశాను. ఎక్కి గేరేస్తే వెనక్కి జానెడు, ముందుకి జానెడు, మళ్లీ పొట్ట మీదే. టైర్లు అరిగాయన్నాను. పెట్రోలులో నీళ్లు కలిపారన్నాను. పైన బండ మీద ఓ తోడేలు కూర్చుని ఇదంతా చూసింది. కాసేపటికి ఆవులించి, లేచి వెళ్లిపోయింది.

“రెండు మోపులు తీసి చక్రాల కింద వేద్దాం,” అన్నాను.

“గడ్డి మీద చెయ్యేస్తే విరిచేస్తా.”

“పన్నెండులో రెండేగా.”

“ఆ రెండూ అరవై నోళ్లకి ఒక పూట. నువ్వెక్కి గేరెయ్యి, నే కింద నుంచి చూస్తా.”

వేశాను. ఇంజను అరిచింది.

“ఆపు. మంచు చిమ్ముతున్నది వెనక కాళ్లే. ముందు కాళ్లు ఊరికే నిలబడున్నాయి.”

“లివరు వేశానే. బండి సంగతి నీకేం తెలుసు?”

“బండి సంగతి తెలీదు. కళ్లున్నాయి. దిగి చూడు.”

దిగి చూశాక గుర్తొచ్చింది. ఈ జీపుకి ముందు చక్రాల నడుమ గిన్నెల్లాంటి మూతలుంటాయి. వాటిని విప్పి లోపలి బోల్టు బిగిస్తేనే ఇరుసుతో పాటు చక్రం తిరుగుతుంది. బిగించకపోతే లివరు ఎంత లాగినా ఇరుసు దారి ఇరుసుది, చక్రం దారి చక్రానిది. పెట్రోలు ఆదా అవుతుందని, ఆకులు రాలే రోజుల్లో జోలోన్ అనే మెకానిక్ ఆ బోల్టులు వదులు చేసి పెట్టాడు. వాడి తాతల దాకా వెళ్లి తిట్టాను. బురుల్ అంతా విని ఫ్లాస్కు తీసింది.

గడ్డకట్టిన మూతల మీద ఆమె వేడి టీ పోస్తుంటే నేను విప్పి, రెండు బోల్టులూ బిగించాను. పొట్ట కింద మళ్లీ తవ్వాను. సీటు మీది ఉన్ని తివాసీ లాగి ముందు చక్రాల కింద తోసింది బురుల్. రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన తివాసీ అది. ఆ తర్వాత తను బండికి ఎదురుగా వెళ్లి, శాలువా సర్దుకుని నిలబడింది.

“మామగారూ, మీ కూతురు పిలుస్తోంది. కాస్త కాళ్లు కదపండి.”

ఓసోర్ దగ్గాడు. తివాసీని కరిచి పట్టుకున్నాడు. మంచు గట్టు దాటి పైకొచ్చాడు. కనుమ దాటేలోగా ఇంకో రెండుసార్లు కూర్చున్నాడు గానీ, అడిగిన ప్రతిసారీ లేచాడు. తివాసీలో మాత్రం మాకు అంచులే మిగిలాయి.

పొద్దు వాలేలోపు అక్క దొడ్డి చేరాం. దొడ్డి కప్పు ఒక మూల ఖాళీగా ఉంది. ఆ గడ్డి గొర్రెల నోళ్లలో ఉంది.

“గుర్రమ్మీదైతే మధ్యాహ్నానికే వచ్చేవాడివి,” అంది అక్క.

“మోపులు దింపి మాతో వచ్చేయక్కా.”

“గడ్డి వచ్చాక నేనెందుకు రావడం? ముందు ఆ కప్పు కట్టు.”

సోమవారం బుల్‌డోజరు మా చక్రాల జాడ పట్టుకునే పైకొచ్చింది. మమ్మల్ని తనే పంపించానని ఎసెన్ ఊరంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనివ్వండి.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. తోడేలని మీరనుకుంటారు. తోడేలు నిజం, ఆవులింతా నిజమే. జోలోన్ అనే మెకానిక్కే లేడు. ఆ బోల్టులు వదులు చేసింది నేనే, ఈ చేతులతోనే. బురుల్ అప్పుడు పక్కనే నిలబడి మూతలు పట్టుకుంది.