ఎవరి తాళం వాళ్ళదే

వదిన ఆ కాగితం మీద సంతకం పెట్టేసిందని తెలియగానే ప్రోగ్రామరుకి ఒళ్ళు మండిపోయింది.

వదిన పద్నాలుగేళ్ళుగా ఆసుపత్రిలో అడ్మిషన్ల కౌంటరు చూస్తోంది. సోమవారం పొద్దున ఐసీయూలో ఏడో నంబరు మంచం ఇద్దరు రోగుల పేరు మీద పడింది. రెండో ఆయన నలభై నిమిషాలు వరండాలో స్ట్రెచర్ మీదే ఉండిపోయాడు. బతికి బట్టకట్టాడు కాబట్టి సరిపోయింది. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టమన్నారు ఆసుపత్రి వాళ్ళు, వదిన పెట్టేసింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో శుక్రవారం విచారణలో తేలుతుంది.

"ఎందుకు ఒప్పుకున్నావు వదినా?"

"కంప్యూటరు తప్పు చేస్తుందా? పక్క కౌంటరు వాళ్ళు ఇచ్చేశాక నేనే చూసుకోకుండా నొక్కేసుంటాను."

ఎందుకు చెయ్యదూ! దాని చేత తప్పు చేయించే మహానుభావుల మధ్యనే ప్రోగ్రామరు రోజూ కూర్చుంటోంది. ఆసుపత్రి వాడేది వాళ్ళ కంపెనీ సాఫ్ట్‌వేరే.

బుధవారం ఆఫీసుకి వెళ్తూనే కోడు తెరిచింది. ఒక్కో కౌంటరు పని ఒక్కో థ్రెడ్డు, అంటే ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక్కో పనివాడు, చూస్తుంది. మంచాల పట్టిక మాత్రం అందరికీ ఒక్కటే. ఒక థ్రెడ్డు దాన్ని ముట్టుకుంటే తాళం పడాలి, రెండోది బయట ఆగాలి. తాళం ఉండనే ఉంది. కాకపోతే ఏ థ్రెడ్డుకా థ్రెడ్డు అప్పటికప్పుడు కొత్త తాళం పుట్టించుకుని, బుద్ధిగా వేసుకుని, బుద్ధిగా తీసుకుని పోతోంది. వచ్చినవాడల్లా తన తాళం తనే తెచ్చుకుంటే ఇంక ఆ గదికి కాపలా ఏమిటి?

ఈ నిర్వాకం మేనేజరుది. పాత తాళంతో స్పీడు తగ్గుతోందని మార్చి, అందరి చేతా చప్పట్లు కొట్టించుకున్నాడు. స్పీడు పెరగక ఏం చేస్తుంది, ఎవరి కోసం ఎవరూ ఆగడం లేదాయె!

ఒకే మంచం కోసం రెండు థ్రెడ్లను ఒకేసారి వదిలి, అలా వెయ్యిసార్లు నడిపి చూసింది. పదకొండుసార్లు ప్రోగ్రాము ఆ మంచాన్ని రెండింటికీ ఇచ్చేసింది.

"వచ్చే వెర్షన్‌లో సర్దేద్దాం. ఏం మారిందని అడిగితే చిన్నచిన్న మార్పులని రాస్తే చాలు," అన్నాడు మేనేజరు.

"ఆ కౌంటరులో ఉన్నది మా వదిన సార్."

"అయ్యో! కానీ ఆవిడే ఒప్పుకుందని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు కదమ్మా." కుర్చీలో వెనక్కి వాలాడు. "రిపోర్టు పంపితే ఈ మార్పుని సరిచూసిందెవరో కూడా రాయాల్సొస్తుంది. ఆలోచించుకో."

వెళ్ళి ఆ మార్పు రికార్డు తెరిచి చూసింది. 'చూశాను, బాగుంది.' కింద తన పేరే ఉంది. ఏమీ గుర్తు లేదు. తాళం అన్న మాట కనబడగానే సరే అనేసి ఉంటుంది. ఇంతసేపూ మేనేజరుని తిట్టిన నోటితోనే తననీ తిట్టుకుంది.

రిపోర్టు రాసింది. ముందు తన పేరు, తరవాత మేనేజరు పేరు పెట్టి నేరుగా ఆసుపత్రి విచారణ కమిటీకి పంపేసింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

సాయంత్రం వదిన వంటింట్లో నిలబడే ఆ రిపోర్టంతా చదివింది. తప్పు తనది కాదని తెలిస్తే సంతోషిస్తుందని ప్రోగ్రామరు అనుకుంది. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతులో మాత్రం కోపమే ఉంది.

"మూడు రోజులుగా నా చేతిని నేనే నమ్మట్లేదు. ప్రతి పేరూ నాలుగేసిసార్లు చూసి నొక్కుతున్నా. నువ్వు ఒక్కసారి సరిగ్గా చూడలేకపోయావా?"