గాట్లన్నీ ఒకే వరసలో

ఫిట్టరు బల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీది చిన్న క్రేను తాడును మళ్ళీ కప్పీ మీదికి ఎక్కించాడు. పొద్దున్న ఎనిమిదింటి నుంచి ఇది మూడోసారి. డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే పెద్ద బడి వాళ్ళు మెడలో తగిలించిన కార్డు ప్రతిసారీ స్క్రూడ్రైవరుకు అడ్డం పడుతోంది. బల్ల చుట్టూ కోట్లు తొడుక్కున్న ముగ్గురు పిల్లలు జడ్జికి చెప్పాల్సిన ముక్కలు బట్టీ పడుతున్నారు.

"అంకుల్, కప్పీ అంటే పైనదా, కిందదా?" అని అడిగాడు వాళ్ళ నాయకుడు.

"పైనది బాబూ."

హాలు గోడకి 'రేపటి ఇంజనీర్లు మీరే' అని గుడ్డ కట్టారు. పోటీ నిబంధన ఒక్కటే. బరువులెత్తే క్రేనును పిల్లలే స్వయంగా చెయ్యాలి. మొదటి బహుమతి వచ్చినవాళ్ళకు ఒక కప్పు, పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు ఫీజు లేని చదువు. పెద్ద బడి పిల్లలకు ఆ చదువుతో పనిలేదు, కప్పు కావాలి. ఈ క్రేను చేయించి ఇచ్చినందుకు, ఫిట్టరు పనిచేసే వర్క్‌షాపు ఓనరు పుచ్చుకున్నది అతని రెండు నెలల జీతమంత. ఫిట్టరుకు దక్కింది నాలుగు రోజుల ఓవర్‌టైము. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ చేతులొకడివి, చప్పట్లొకడివి.

ఎనిమిది బల్లల అవతల, చివరి బల్ల దగ్గర అతని కూతురు ఉంది. నడక రాకముందే పానా నోట్లో పెట్టుకుందని వర్క్‌షాపు వాళ్ళు ఆ పిల్లకి 'పానా' అని పేరు పెట్టారు, అదే ఉండిపోయింది. పదో తరగతి తరవాత చదివించే స్తోమతు ఇంట్లో లేదు కనక, ఆ ఫీజు లేని సీటు మీదే ఆశంతా పెట్టుకుంది. పాత సైకిలు చైను, విరిగిన గొడుగు ఊచలు ఏరుకొచ్చి క్రేను చేసింది. నెల కిందట తండ్రిని ఒక్కటే అడిగింది.

"నాన్నా, రెండు సాయంత్రాలు నా పక్కన కూర్చో. నువ్వేం చెయ్యొద్దు. చూస్తే చాలు."

"ఎవరి పని వాళ్ళే చేసుకోవాలమ్మా. రూలదే కదా," అన్నాడు.

అన్న మర్నాడే పెద్ద బడి క్రేనుకు ఇనుము కోశాడు. ఇవాళ పోటీకి రాలేనని, పనిలో ఉంటానని కూడా చెప్పాడు. అది అబద్ధం కాదు. అందుకే మరీ సిగ్గుగా ఉంది.

జడ్జి రిటైరైన ఇంజనీరు. పానా క్రేను తొమ్మిది కిలోలు ఎత్తి నిలబెట్టేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు.

"ఈ స్క్రూల తలల మీది గాట్లన్నీ నిలువుగా ఒకే వరసలో ఉన్నాయే, ఎందుకమ్మా?"

"ఒక్కటి వదులైనా గాటు పక్కకి తిరుగుతుందండి. దూరం నించే కనబడిపోద్ది."

"ఎవరు నేర్పారు?"

"మా నాన్నండి. ఫిట్టరు."

ఆయన కళ్ళజోడు తీశాడు. చెడ్డవాడేం కాదు, కోప్పడలేదు కూడా. "అదీ సంగతి. ఇంత శుభ్రమైన పని పిల్లల చేతికి రాదు. నాన్న దగ్గర నేర్చుకోమ్మా, నాన్నచేత చేయించకు," అని చేతిలో కాగితం మీద ఆమె పేరుకి అడ్డగీత గీశాడు.

"నేనే చేశానండి," అంది పానా. ఆయన అప్పటికే పక్క బల్ల వైపు తిరిగాడు.

ఆయన పెద్ద బడి బల్ల దగ్గరికి వస్తుంటే ఫిట్టరు బల్ల కిందికి దూరాడు. ఇక్కడి గాట్లూ నిలువుగానే ఉన్నాయి. చూశాడో లేదో గాని, మీ నాన్నలు ఏం చేస్తారని మాత్రం అడగలేదు. పిల్లలు బట్టీ పట్టింది అప్పజెప్పారు. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

కాసేపటికి పెద్ద బడే గెలిచిందని చెప్పారు. తన క్రేనుకంటే ఇందులో ఏం బాగుందో చూద్దామని పానా అక్కడికి వచ్చింది. స్క్రూల మీద ఆమె చూపు ఆగిపోయింది. తరవాత మెల్లగా బల్ల కిందికి వంగింది.

తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్క మాట అరిస్తే చాలు. పానా అరవలేదు. అరిస్తే నాన్న పని పోతుందని పదిహేనేళ్ళ పిల్లకు తెలుసు. ఆ సంగతి తండ్రికీ తెలుసు కనకే తేలు కుట్టిన దొంగలా బల్ల కిందే ఉండిపోయాడు. ఆమె మెల్లగా తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వేదిక మీద, అందరి ముందు, గెలిచిన క్రేను బరువెత్తాలి. సగం దాకా ఎత్తి బిగుసుకుపోయింది. చూడ్డానికి వచ్చిన ఓనరు ఫిట్టరు వీపు మీద తట్టాడు. "వెళ్ళవయ్యా, రెండు నిమిషాల పని."

మెట్లెక్కుతుండగానే ఫిట్టరుకు తప్పెక్కడుందో కనబడింది. పై నుంచి రెండో స్క్రూ గాటు కాస్త పక్కకి తిరిగింది. అతను స్క్రూడ్రైవరు తీసి, దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"పిల్లలు చేసిందే కదండీ. పిల్లల్నే బిగించమనండి."

మైకు పక్కనే ఉంది. మాట హాలంతా వినబడింది. జట్టు నాయకుడు స్క్రూడ్రైవరు అందుకుని, పద్నాలుగు స్క్రూల వంక బిక్కమొహం వేసుకుని చూశాడు.

"రేపట్నించి పనిలోకి రాకు," అన్నాడు ఓనరు కింది నుంచి, పళ్ళు కొరుకుతూ.

"మీరెవరు?" అడిగాడు జడ్జి.

ఫిట్టరు మెడలోని కార్డు తీసేశాడు. "ఆ చివరి బల్ల అమ్మాయి నాన్ననండీ. ఆ పిల్ల క్రేను మీద నేను చెయ్యి వెయ్యలేదు." వేదిక మీది క్రేనును చూపించాడు. "దీని మీదే వేశాను."

జడ్జి జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని స్క్రూల మీదికి వంగాడు. హాల్లో తలలన్నీ చివరి బల్ల వైపు తిరిగాయి.

పానా తలెత్తలేదు. ఆమె క్రేను అప్పటికే సగం విప్పేసి ఉంది. విప్పిన స్క్రూను డబ్బాలో వెయ్యబోయిన చెయ్యి మాత్రం అక్కడే ఆగింది.