బ్రేకు బాగానే ఉంది

అతను లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. అతని సంతకం పడితేనే ఊళ్ళో లిఫ్టులు కదిలేవి. జేబులో ఎప్పుడూ ఎర్రదారం ఉండ ఒకటి ఉండేది. పూర్తిగా బిగించని నట్టు ఎక్కడ కనబడినా దానికో దారం ముక్క కట్టేవాడు. పని పూర్తయ్యాక కళ్ళతో చూసి, చేత్తో తడిమి, అప్పుడు గానీ విప్పేవాడు కాదు. "దారం ఉన్న లిఫ్టులో పిల్లి కూడా ఎక్కకూడదు. దారం విప్పానా, నా భార్యాబిడ్డల్ని ఎక్కిస్తా" అని మెకానిక్కులకి పాఠం చెప్పేవాడు. వాళ్ళు వెనకాల అతన్ని దారాల దొర అనుకునేవాళ్ళు. ఆ సంగతి అతనికి తెలుసు. పైకి విసుక్కునేవాడు గానీ లోపల గర్వంగానే ఉండేది.

ఇంటి పక్కన రేకుల షెడ్డులో అతని ఆరేళ్ళ ఆదివారాలు ఉన్నాయి. పాతసామాన్ల గోదాములో తుక్కు కింద దొరికిన కారు అది. రెండే సీట్లు, కప్పు లేదు, ముక్కు మాత్రం బారెడు. తెచ్చిన రోజున దాని అడుగు చూస్తే నేల కనబడేది. కుళ్ళిన రేకు కోసేసి కొత్త రేకు అతికాడు. ఇంజను ముక్కముక్కలు విప్పి, కడిగి, పాత గుడ్డల మీద వరసగా ఆరబెట్టాడు. తలుపులకి ముదురాకుపచ్చ రంగు ఏడుసార్లు వేసి ఏడుసార్లు గీకాడు. "నా సవతికి ఏడు పూతలు. నా వంటింటికి ఒక్క పూత లేదు" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

ఆ షెడ్డులో అతనికి తోడు మామగారే. ముప్పై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. అన్నేళ్ళలో బండికి గీత పడలేదు, మనిషికి దెబ్బ తగల్లేదు. దానికి గుర్తుగా డిపోవాళ్ళు ఒక చెక్క ఫలకం ఇచ్చారు. అత్తగారు పోయాక కూతురి దగ్గరే ఉంటున్నారు. ఆదివారం వస్తే బోర్లించిన డబ్బా మీద కూర్చుని, అడక్కముందే కావలసిన స్పానరు అందించేవారు. ఎప్పుడైనా హుషారుగా ఉంటే కుడి మోకాలు తట్టుకుని, "దీనికి చదువు రాదు అల్లుడుగారూ. పొరపాటు కూడా రాదు" అనేవారు. బండి రోడ్డెక్కిన రోజు మొదట నడిపేది మీరేనని అల్లుడు ఎప్పుడో మాటిచ్చాడు.

ఆ రోజు రానే వచ్చింది. పాత కార్ల సంఘంవాళ్ళు నలుగురు పదింటికి వస్తామన్నారు, కెమెరాతో సహా. తొమ్మిదిన్నరకి ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ తిరిగి చూసుకున్నాడు. ఇంకా పదకొండు చోట్ల ఎర్రదారాలు వేలాడుతున్నాయి. చాలావాటికి పని అయిపోయింది, విప్పడమే తరువాయి. "ఇదేంటండీ, ఫోటోలో దర్జీ కొట్టులా పడుతుంది" అంది భార్య. నిజమే అనిపించింది. ఒక్కొక్కటీ తడిమి చూడడానికి టైము లేదు. ఏది అయిందో ఏది కాలేదో నాకు గుర్తులేకనా అనుకుని, కత్తెర తెచ్చి పదకొండూ కత్తిరించేశాడు. ఊళ్ళోవాళ్ళ లిఫ్టుకి పనికిరాని తొందర సొంత బండికి పనికొచ్చింది.

మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు విడిచి బూట్లు తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. కారు షెడ్డు దాటి వీధిలోకి వెళ్ళి, మలుపు తిరిగి కనుమరుగైంది. రెండు నిమిషాల తర్వాత అవతలి మలుపులోంచి మళ్ళీ కనబడేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరా పట్టుకున్నాయన గేటుకి అడ్డంగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రోడ్డుకి ఆ పక్కన ఎదురింటి కోడలు చంటిపిల్లని బండిలో తోసుకుంటూ ఆగి చూస్తోంది. కారు దగ్గరికొచ్చింది. వేగం తగ్గలేదు. మామగారి మొహం మారింది. చెయ్యి హ్యాండ్‌బ్రేకు కోసం వెళ్ళింది, అది అందేలోపే కారు గేటు స్తంభాన్ని గుద్దుకుంది.

నుదుటి మీద చిన్న గాయం, అంతే. కారు ముక్కు మాత్రం లోపలికి పోయింది. వచ్చినవాళ్ళంతా మనిషి బాగానే ఉన్నాడని చూసుకుని, తర్వాత కారు చుట్టూ మూగారు.

"పెడలు కిందికి పోయింది అల్లుడుగారూ. ఖాళీగా పోయింది" అన్నారు మామగారు, దిగుతూనే.

అందరూ ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. ఆ చూపులకి అతని ఒళ్ళు మండింది. "అలా జరగడానికి వీల్లేదు మామయ్యగారూ. బ్రేకు బాగానే ఉంది. పొద్దున నేనే రెండుసార్లు తొక్కి చూశాను" అన్నాడు.

"వయసు కదండీ. కాలు పక్క పెడలు మీద పడుంటుంది" అన్నాడొకాయన మర్యాదగా. కెమెరా ఆయన "ఆడలేక మద్దెల ఓడు" అని గొణిగాడు. గొణుగుడు అందరికీ వినబడింది. కాసేపటికి మామగారు అల్లుడి దగ్గరికొచ్చి, "మీ ఆరేళ్ళ కష్టం పాడు చేశాను. ఏమనుకోకండి" అన్నారు.

మధ్యాహ్నం అందరూ వెళ్ళాక ఇన్‌స్పెక్టరు కారులో తలదూర్చి పెడళ్ళ కింద చూశాడు. పెడలుకీ బ్రేకు కడ్డీకీ మధ్య ఉండాల్సిన అడ్డమేకు ఊడి కింద పడుంది. మేకు జారిపోకుండా దాని చివర ఒక చిన్న స్ప్లిట్ పిన్ను దూర్చి, రెండు కాళ్ళూ విడదీసి వంచాలి. అది లేదు. పాతది లావెక్కువని తీసేసి కొత్తది కొనుక్కొచ్చాడు. ఆ పొట్లం ఇంకా విప్పకుండా స్పానర్ల పెట్టెలోనే ఉంది. కత్తిరించిన దారాల్లో ఒకటి దీనిదే.

అప్పటికైనా నోరు తెరిచి ఉంటే ఈ కథే లేదు. మామగారు పది అడుగుల దూరంలో, వరండాలో, నుదుటికి పట్టీతో కూర్చుని ఉన్నారు. ఇన్‌స్పెక్టరు ఒకసారి అటు చూశాడు. తర్వాత మేకు పెట్టాడు. పిన్ను దూర్చాడు. రెండు కాళ్ళూ జాగ్రత్తగా వంచాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు.

కడుక్కుని పిలిచాడు. "మామయ్యగారూ, ఒకసారి మీరే తొక్కి చూడండి."

ఎందుకు పిలిచాడో తర్వాత ఎన్నిసార్లు తనని తాను అడిగినా జవాబు ఒకటే వచ్చేది. ఎవరూ మళ్ళీ అడక్కుండా ఉండడానికి. మామగారు లేచి వచ్చి కూర్చుని తొక్కారు. గట్టిగా ఉంది. మళ్ళీ తొక్కారు. మూడోసారి మెల్లగా, కాలితో ఏదో వెతుక్కుంటున్నట్టు తొక్కారు.

"గట్టిగానే ఉంది" అన్నారు. కొంచెం ఆగి, "అయితే నా కాలే" అన్నారు.

ఇన్‌స్పెక్టరు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

ఆ మర్నాటి నుంచి మామగారు తను రోజూ నడిపే స్కూటరు తీయలేదు. తాళంచెవి తనే తెచ్చి కూతురికి ఇచ్చేశారు. "పోనీలే నాన్నా, నాకూ నిశ్చింత" అని ఆవిడ బీరువాలో దాచింది. ఆయన మెట్లు దిగేటప్పుడు ఆగి కుడికాలు వైపు చూసుకుని, అప్పుడు దాన్ని కింద పెట్టేవారు. వీధి దాటడానికి ఎవరిదో మోచెయ్యి పట్టుకోవడం ఇన్‌స్పెక్టరు బస్సులోంచి చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆఫీసులో ఒక మెకానిక్కు పిన్ను పెట్టడం మరిచిపోతే తిట్టబోయాడు. "పెట్టేయ్" అన్నాడంతే. దొరకి ఒంట్లో బాగోలేదేమోనని వాళ్ళు టీ తెప్పించారు.

గేటు స్తంభం పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా ఇంకోటి కూడా తోచేది. ఎడమ పక్క చంటిపిల్ల, ఎదురుగా కెమెరా మనిషి. రెండు మూడు క్షణాల్లో మామగారు ఇద్దరినీ తప్పించి, బండిని స్తంభానికి పెట్టారు. ఆయన జీవితంలో అంత బాగా బండి నడిపింది బహుశా ఆ రోజే. ఆ సంగతి లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ అన్నం కంచంలోంచి తలెత్తలేకపోతున్నాడు.

పదోరోజు పొద్దున మామగారు చెక్క ఫలకాన్ని పాత టవల్లో చుట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"అల్లుడుగారూ, డిపో దాకా తోడొస్తారా? ఇది ఇచ్చేసొస్తాను."

"అదేంటి నాన్నా! అది నీ ఉద్యోగానికి ఇచ్చింది. ఇప్పుడు జరిగినదానికీ దానికీ ఏంటి?" అంది కూతురు.

"కాలు అదేగా అమ్మా. అప్పుడూ ఇదే కాలు. ట్రిప్పుకి అరవైమందిని ఎక్కించుకునేవాణ్ణి. ఎన్నిసార్లు అదృష్టం బాగుండి బయటపడ్డానో ఇప్పుడెవరు చెప్తారు?"

ఇన్‌స్పెక్టరు చేతిలో కాఫీ గ్లాసు ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళని ఒక పిన్నుతో కొట్టేశానని అతనికి అప్పుడు అర్థమైంది.

"పిన్ను పెట్టలేదు" అన్నాడు.

ఇద్దరూ చూశారు.

"నేను పెట్టలేదు మామయ్యగారూ. ఫోటోకి బాగుండదని దారాలన్నీ తీసేశాను. బ్రేకు దగ్గరది కూడా. మేకు ఊడిపోయింది. మీ కాలు సరిగ్గానే తొక్కింది."

భార్య స్టవ్వు ఆపేసింది. మామగారు టవల్ ముడి మీద వేళ్ళు ఆడించారు.

"ఆ మధ్యాహ్నం పిలిచి తొక్కమన్నారే. అప్పటికి తెలుసా మీకు?"

ఈ ప్రశ్న రాకూడదని అతను పది రోజులుగా కోరుకున్నాడు. "తెలుసు" అన్నాడు.

"పిన్ను పెట్టాకే పిలిచారా?"

"పెట్టాకే."

భార్య అతని వైపు చూసింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆ చూపు అతను ఎరగడు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి బీరువా తెరిచి, తాళంచెవి తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

ఇన్‌స్పెక్టరు ఫోను తీసి సంఘంవాళ్ళు నలుగురికీ అక్కడే, వాళ్ళిద్దరూ వింటుండగానే చెప్పాడు. మొదటాయన "ఓహో" అన్నాడు. కెమెరా ఆయన సగంలో తప్పుకోబోతే ఆపి, మొత్తం వినిపించాడు. పక్కిళ్ళకీ వెళ్ళి చెప్పాడు. ఎదురింటి కోడలు పిల్లని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి వింది. "పాపం, ఆయన రోజూ మా పాప తల నిమిరి సారీ చెప్తున్నారండీ" అంది.

తిరిగి వచ్చేసరికి మామగారు స్కూటరు బయటికి తీశారు. ఇన్‌స్పెక్టరుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన ఎక్కి కూర్చున్నారు. బండి స్టార్టయింది. కుడికాలు బ్రేకు మీద పెట్టి ఉంచారు. వీధి ఖాళీగానే ఉంది. ఒక సైకిలు వెళ్ళిపోయింది, ఇంకో సైకిలు కూడా. ఆయన కాలు వైపే చూసుకుంటున్నారు. మోకాలు సన్నగా వణుకుతోంది. కాసేపటికి బండి ఆపి, దిగి, స్టాండు వేశారు.

అల్లుడు దగ్గరికి వెళ్ళాడు. "మీ కాలు తప్పు కాదు మామయ్యగారూ. నాది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చెప్తాను."

"నాకు అర్థమైంది అల్లుడుగారూ" అన్నారు మామగారు. "దానికే ఇంకా నమ్మకం కుదరడం లేదు."

తాళంచెవి అల్లుడి చేతికిచ్చి ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండునని ఇన్‌స్పెక్టరుకి అనిపించింది.