బుచ్చయ్య ఇచ్చిన అధికారం

నేను ఒక వంద రూపాయల స్టాంపు కాగితాన్ని. కాగితమే కదా అని తీసిపారేయకండి. నాసిక్‌లో అచ్చయి, రైలెక్కి వచ్చి, స్టాంపు వెండరు ఇనప్పెట్టెలో ఏడాది పాటు ఊపిరాడకుండా పడి ఉన్నాను. సంగారెడ్డి వైపు ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజు లేఖరి నాకు మరో రెండు కాగితాలు కుట్టి, నన్ను జీపీఏ చేశాడు. అంటే, బుచ్చయ్య అనే రైతు తన రెండెకరాలను ప్లాట్లు చేసి అమ్మే పనినీ, తన బదులు సంతకాలు పెట్టే అధికారాన్నీ దామోదర్ అనే బ్రోకరుకు ఇచ్చాడన్నమాట. సీలు, రిజిస్ట్రారు పెద్దసారు సంతకం పడగానే నాకు కళ్లు నెత్తికెక్కాయి. ఒకడి చేతిని ఇంకొకడికి అప్పగించేంత దాన్నయ్యాను మరి!

దామోదర్ చెడ్డవాడేమీ కాదు, వట్టి వాగుడుకాయ. నన్ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బండి డిక్కీలో తోసి ఊరూరా తిప్పాడు. “ఒరిజినల్ సూస్కోండ్రి” అని అందరికీ చూపేవాడు. వాళ్లూ నా సీలునే చూసేవాళ్లు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నన్ను పూర్తిగా చదివి ఎరుగడు. చదివినా ఏం లాభం? బుచ్చయ్య ఊపిరి ఉన్నంత వరకే నాకు బతుకని నాలో ఎక్కడా రాసి లేదు. ఆ సంగతి నాకే తెలియదు.

ఆఖరి ప్లాటు అనసూయమ్మ కొన్నది. ముప్పై ఏళ్లు హాస్టల్లో వంట చేసి దిగిపోయిన మనిషి. ఆమె భర్త పోయిన రోజు ఇంటి ఓనరు శవాన్ని గేటు లోపలికి రానివ్వలేదు. వానలో, రోడ్డు పక్కన, టార్పాలిన్ కింద పెట్టుకుని కూర్చుందట. “నాకు బంగ్లా వద్దయ్యా. నేను సచ్చినంక నన్ను దింపెతందుకు నాదనేటి జాగ ఇంత ఉండాలె” అన్నది. దాచుకున్నదంతా దామోదర్ చేతిలో పెట్టేసింది.

మర్నాడే రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నాడు దామోదర్. కానీ మూఢం నడుస్తోంది. “మూఢంల భూమి రాయించుకుంటరా? అసలే కలిసిరాని బతుకు” అన్నదామె. మూఢం పోతే ఆషాఢం వచ్చింది. దామోదరూ ముహూర్తాల మనిషే. ఇద్దరూ కలిసి శ్రావణంలో మొదటి శుక్రవారం ఖాయం చేసుకున్నారు. ఆ శుక్రవారానికి నాలుగు రోజుల ముందు బుచ్చయ్య పొలం గట్టు మీద కూలబడి ప్రాణం వదిలాడు.

అనసూయమ్మ కొత్త చీర కట్టుకుని, ఆఫీసులో అందరికీ పంచడానికి డబ్బా నిండా గరిజెలు చేసుకుని వచ్చింది. పెద్దసారు నన్ను తిరగేస్తూ, “ఇచ్చినాయన ఉన్నాడా?” అని మామూలుగానే అడిగాడు. దామోదర్ నోరు ఊరుకుంటుందా!

“ఏడున్నడు సార్, మొన్న సోమారమే పోయిండు. పాపం, దినాలు గూడ కాలె.”

“మనిషి పోతే ఇది చెల్లదయ్యా. వారసులను పిలుచుకురా” అని పెద్దసారు పెన్ను మూశాడు.

నేను చచ్చి నాలుగు రోజులైందని నాకప్పుడు తెలిసింది. సీలు చెక్కుచెదరలేదు, సంతకాలు నిగనిగలాడుతున్నాయి. సిగ్గుతో చచ్చిపోదామన్నా ఇక ఆ వీలు లేదు. గరిజెల డబ్బా మూత ఎవరూ తీయలేదు.

బుచ్చయ్యకు ఒక్కడే కొడుకు, రాజమల్లు. అప్పటికి ఆ చుట్టుపక్కల భూమి ధర పెరిగిపోయింది. తన నాయన ఎవరికి ఏం రాసిచ్చాడో తనకు తెలియదని చెప్పి, మిగిలిన జాగకు కంచె వేసుకున్నాడు. దామోదర్ నన్ను తెచ్చి అనసూయమ్మ చేతిలో పెట్టి, “ఒరిజినల్ నీ తాన్నే ఉండనియ్యి అక్కా” అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. లాయరేమో కేసు వేయొచ్చు గానీ పదేళ్లు పడుతుందన్నాడు. ఆమె వయసు అడిగాడు. అరవై ఎనిమిది అనగానే తల దించుకున్నాడు.

ఇవాళ ఆమె నన్ను పట్టుకుని రాజమల్లు ఇంటికి పోయింది.

“ప్లాటు వద్దు బిడ్డా, నువ్వే ఉంచుకో. నేను పోయిన్నాడు ఒక్క పూట నన్ను ఆ జాగల దింపనియ్యి. తీస్కపోంగనే మల్ల నీదే.”

రాజమల్లు మనసు కరిగింది. “ఒక్క పూటనే గదమ్మా! తీస్కరాండ్రి, ఎవలొద్దన్నరు?”

అనసూయమ్మ గబగబా నా ఆఖరి కాగితాన్ని వెనక్కి తిప్పి, అరుగు మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, పెన్ను చేతికిచ్చింది. “గా మాటనే దీని మీద రాసియ్యి బిడ్డా.”

అతను పెన్ను పట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు. వాళ్ల నాయన ఇట్లాగే ఒక రోజు సంతకం పెట్టాడని గుర్తొచ్చిందేమో.

“రాతలెందుకమ్మా” అని పెన్ను ఆమెకే ఇచ్చి, లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నాడు.

ఆమె ఇంకా అరుగు మీదే కూర్చుని ఉంది. గాలికి ఎగిరిపోతానేమోనని నా మీద చెయ్యి ఆనించింది. ఆ చేతి కింద ఒక్క అక్షరమూ లేదు.