పేర్లు మాయమైన పట్టీ

మా స్కానింగు సెంటరులో కంప్యూటర్లు చూసేది నేనే. పధ్నాలుగు కంప్యూటర్లు, పధ్నాలుగు తీరులు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అన్నట్టు ఒకరి తెర నిండా ఫైళ్లే, ఇంకొకరికి గడియారం తప్ప ఏమీ కనిపించకూడదు. ఎవరైనా సెలవు పెడితే, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అది ఎక్కడుంది, ఇది ఎక్కడుంది అని గంటకోసారి నన్ను పిలిచేవాడు. నాకు అసలే ముక్కు మీద కోపం. ఒక ఆదివారం వచ్చి కూర్చుని అన్నింటినీ ఒకే అచ్చులో పోశాను. టాస్క్‌బార్, అంటే తెరిచిన ఫైళ్లన్నీ వరసగా కనిపించే పట్టీ, తెర అడుగునే ఉండాలి. దాని మీద బొమ్మలే గానీ పేర్లు ఉండవు. ఒకే రకం ఫైళ్లు ఎన్ని తెరిచినా ఒకే బొమ్మ కింద ఒదిగిపోతాయి. కడిగిన గచ్చులా ఉందని మేనేజరు భుజం తట్టాడు.

సోమవారం పొద్దున్నే టైపు పిన్ని నా గది గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ రిపోర్టులు టైపు చేస్తోంది కాబట్టి డాక్టరమ్మతో సహా అందరికీ పిన్నే.

"అబ్బాయ్, కింద పట్టీ మీద పేర్లుండేవి కదా, ఏమైపోయాయి?"

"కొత్త పద్ధతి పిన్నిగారూ. ఆ బొమ్మ మీద నొక్కితే అన్నీ కనిపిస్తాయి."

"నొక్కితే కాదు నాయనా, నొక్కకుండానే కనపడాలి. నాకు పాతదే పెట్టెయ్యవూ?"

"అది ఇప్పుడు కుదరదండీ" అన్నాను.

అబద్ధం. రెండు నొక్కులతో అయిపోయే పని. ఒకరికి మారిస్తే అందరూ వరస కడతారని నా భయం.

పిన్ని పని తీరు వేరు. డాక్టరమ్మ లోపల కడుపు స్కాను చేస్తూ చెబుతూంటే, బయట ఈవిడ హెడ్‌ఫోను పెట్టుకుని టైపు చేస్తుంది. సగంలో డాక్టరమ్మ "నీళ్లు చాలలేదు, ఇంకో రెండు సీసాలు తాగి రా" అని ఒకామెను పంపేస్తుంది. ఆ రిపోర్టు అలా సగంలో ఆగుతుంది, ఇంకొకామె లోపలికి వెళ్తుంది. ఎప్పుడు చూసినా ఏడెనిమిది సగం రిపోర్టులు తెరిచే ఉంటాయి. మిగతావాళ్లకు ఒకటి ముగిశాకే ఇంకొకటి. పిన్నికి మాత్రం బయట కుర్చీల్లో ఎవరు ఏ వరసలో కూర్చున్నారో, టాస్క్‌బార్ మీద పేర్లూ అదే వరసలో ఉండాలి. ఆ సంగతి నేను అప్పుడు కనుక్కోలేదు. కనుక్కోవాలని తోచనూ లేదు.

ఆ గురువారం ఒకామె కిడ్నీలో రాయి ఇంకొకామె రిపోర్టులోకి ఎక్కింది. సంతకం పెట్టబోతూ డాక్టరమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. పది రోజులకు మళ్లీ అలాగే. ఈసారి మేనేజరు అందరి ముందే అన్నాడు, మూడోసారి జరిగితే ఆ కుర్చీలో ఇంకొకరుంటారని. పిన్ని నా వైపు చూసింది. నేను ఊరుకున్నానా? పుండు మీద కారం చల్లాను.

"అందరికీ రెండు రోజుల్లో అలవాటైంది. మీకొక్కరికే ఎందుకవ్వట్లేదండీ?"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి తలొంచుకుని వెళ్లిపోతే నేను గెలిచాననుకున్నాను.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్లిన వేళ, పిన్ని నా గదికి వచ్చి మడత పెట్టిన కాగితం బల్ల మీద పెట్టింది.

"మేనేజరు గది తాళం వేసుంది. వస్తే ఇది ఇచ్చెయ్."

విప్పి చూశాను. ఆరోగ్యం బాగోలేనందున ఉద్యోగం మానుకుంటున్నానని రాసుంది.

"ఏమైంది పిన్నిగారూ?"

"మా అమ్మకి నా వయసులోనే మొదలైంది" అంది కుర్చీలో కూలబడి. "ముందు పొయ్యి మీద పాలు మర్చిపోయేది. చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అంది. ఇక నా వంతు. రోజూ లేవగానే మనవల పేర్లు, ఫోను నంబర్లు అప్పజెప్పుకుంటున్నా. అన్నీ గుర్తొస్తున్నాయి. ఇక్కడికొచ్చి కూర్చుంటే మాత్రం ఎవరి కడుపు ఎవరిదో తెలియట్లేదు. అందరికీ అలవాటైంది, నాకే అవ్వలేదు. నువ్వన్నది నిజమే. ఎవరికో తప్పు మందు పడేదాకా ఉండనా చెప్పు?"

అంతలో ఆవిడ చూపు నా తెర మీద పడింది.

"నీకు పేర్లున్నాయే?"

అన్నీ ఒకే అచ్చులో పోశానన్నాను కదా. నేను మార్చినవి పదమూడే. నా టాస్క్‌బార్ తెర పైన ఉంటుంది, ప్రతి ఫైలూ తన పేరుతో విడిగా కనిపిస్తుంది. పేర్లు లేకపోతే నాకు చిరాకు. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు, నేను ఎరిగే దాచుకున్నాను.

"పిన్నిగారూ, మీ బుర్రకేమీ కాలేదు. కుదరదన్నది అబద్ధం. పేర్లు తీసేసి మీ చేత తప్పు చేయించింది నేను."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. అర్థమైందో లేదో చూడడానికి నాకు మొహం చెల్లలేదు. గబగబా ఆవిడ కంప్యూటరు దగ్గరికి నడిచాను. ఆవిడ వెనకాలే వచ్చింది. రెండు నొక్కులు నొక్కాను. తెర అడుగున ఎనిమిది పేర్లు ఎనిమిది గళ్లలో వచ్చి నిలిచాయి. పిన్ని వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. బయట నీళ్ల సీసాలతో కూర్చున్న వాళ్ల వైపు చూసి, మళ్లీ చదివింది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! నాలుగు వారాలురా!" అంది. చేతిలో ఫైలుతో నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఇంకో నాలుగు ఇచ్చినా బాగుండుననిపించింది.

"మేనేజరుకి నేనే చెప్తానండీ, తప్పు నాదని. ఆ కాగితం చింపేస్తాను."

"వాడి సంగతి తర్వాత. ముందు ఈ పని చెయ్" అని సంచిలోంచి ఫోను తీసింది. "నిన్న సాయంత్రం మా పెద్దమ్మాయికి చెప్పాను, ఏదో ఒకరోజు నిన్ను గుర్తుపట్టకపోతే ఏడవకే తల్లీ అని. దానికి నువ్వే చెప్పు."

నంబరు చూడకుండా తనే నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. ఒక్క రింగుకే అటు ఎత్తారు. ఆ అమ్మాయి హలో అనలేదు.

"అమ్మా, నేనెవరో చెప్పు" అంది.