పసుపు పూసిన పెట్రోలు మూత

నేను ఒక పెట్రోలు ట్యాంకు మూతను. మోటారు సైకిలు నడిపేవాడి ఛాతీకి ఎదురుగా, తాళంచెవి పెట్టి తిప్పితే లేచే గుండ్రటి మూత ఉంటుంది చూడండి, అదే నేను. బండి కథ అంటే నలుగురూ వింటారు గానీ మూతకు కథేముంటుందని మీరు అనుకుంటే నేనేమీ నొచ్చుకోను. చెప్పే ఓపిక నాకూ అంతగా లేదు. అయినా నా మీద పడ్డ నింద ఎలాంటిదో ఒక్కరికైనా తెలియాలి కదా.

ఏదో ఫ్యాక్టరీలో అచ్చులోంచి బయటపడ్డాను. నన్ను తయారుచేసినవాళ్లు నా పైభాగంలో, తాళం పక్కన, సూదిమొన పట్టేంత రంధ్రం పెట్టారు. అది నా ముక్కు. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపలి పంపు ఎంత గింజుకున్నా ఇంజనుకు పెట్రోలు సరిగా అందదు. వాన నీళ్లను ఆపడం, గాలిని ఆపకపోవడం. నా ఉద్యోగం ఇంతే.

మా బండిని కొన్నవాడు మద్దిలేటి. కాపురం ఆత్మకూరులో, ఉద్యోగం దోర్నాల దగ్గర పశువుల ఆసుపత్రిలో. రోజూ నల్లమల ఘాటు రోడ్డు ఎక్కి దిగాలి. అతని భార్య సుంకులమ్మకు ఆ ఘాటు పేరెత్తితేనే వణుకు. ఆవిడ తమ్ముణ్ణి ఆ మలుపుల్లోనే లారీ పొట్టన పెట్టుకుంది. బండి వద్దని ఏడ్చి మొత్తుకుంది. బస్సు వేళకు రాదు, ఉద్యోగం మానడానికి లేదు, చివరికి సరేనంది. సరేనన్న మరుక్షణం నుంచి బండిని దేవుడికి అప్పగించేసింది.

శుక్రవారం వచ్చిందంటే చాలు, తలస్నానం చేసి పసుపు గిన్నెతో వచ్చేది. లైటుకు బొట్టు, హ్యాండిలుకు పూలు, చక్రం కింద నిమ్మకాయ, ఇవన్నీ మామూలే. నాకు మాత్రం ప్రత్యేకం. మనిషి గుండెకు ఎదురుగా ఉండేది నేనే కాబట్టి కాపాడాల్సింది కూడా నేనేనని ఆవిడ లెక్క. తడి పసుపు నా ముఖమంతా మెత్తి, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టేది. హారతి మాత్రం నాలుగడుగులు వెనక్కి జరిగి ఇచ్చేది. పెట్రోలు సంగతి ఆవిడకూ తెలుసు.

పసుపు ఎండింది. దాని మీద మళ్లీ పసుపు పడింది, అదీ ఎండింది. నా ముక్కు మూసుకుపోయింది.

అప్పటి నుంచి బండికి జబ్బు మొదలైంది. ఆత్మకూరులో బయలుదేరేటప్పుడు బాగానే ఉండేది. ఘాటు సగం ఎక్కేసరికి నీరసం ముంచుకొచ్చేది. మద్దిలేటి యాక్సిలరేటరు మొత్తం తిప్పినా లాగేది కాదు, దగ్గి దగ్గి ఆగిపోయేది. కాసేపు పక్కన నిలబెడితే పసుపు సందుల్లోంచి ఏ కాస్తో గాలి చొరబడేది. అంతలో ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

మెకానిక్కు ఖాజావలి మంచివాడు, పని తెలిసినవాడు. కానీ బండి రాగానే చేసే మొదటి పని నన్ను తెరిచి పెట్రోలు ఉందా అని చూడటం. తెరవగానే గాలి బుస్సున లోపలికి పోయేది. పక్కన టైర్లకు గాలికొట్టే కంప్రెసరు మోతలో అది అతనికి వినిపించేది కాదు. ఆ తర్వాత బండిని నాలుగు వీధులు తిప్పుకొచ్చి, "అన్నా, బండి గుర్రం మాదిరి పోతాంది, నీకేమన్నా అనుమానమా?" అనేవాడు. రోగం కుదిర్చి, రోగమే లేదనే డాక్టరును మొదటిసారి చూశాను.

షోరూముకు తీసుకెళ్లారు. వాళ్లు బండికి కంప్యూటరు తగిలించి ఏ లోపమూ లేదన్నారు. పాపం ఆ కంప్యూటరు తనకు వైరు ఉన్నవాళ్లనే పలకరిస్తుంది. నాకు వైరు లేదు. ఆపైన ప్లగ్గు మార్చారు, ఫిల్టరు మార్చారు, ఇంజెక్టరు కడిగారు. చివరికి, ఊపిరాడని ట్యాంకులో ప్రాణం పెట్టి లాగిన పంపును కూడా పీకేశారు. నేను చూస్తూ కూర్చున్నాను. మూత తెరుచుకోగలదు గానీ నోరు తెరవలేదు.

బండి ఆగిందని విన్నప్పుడల్లా సుంకులమ్మ పసుపు ఇంకాస్త మందంగా పూసేది. పూస్తున్నంతసేపూ మొగుడు క్షేమంగా తిరిగి రావాలని మొక్కుకునేది. కోప్పడదామంటే మనసొప్పేది కాదు.

ఒకనాడు పొద్దున ఇద్దరూ దోర్నాలలో గృహప్రవేశానికి బయలుదేరారు. ఘాటులో, ఎక్కుడు మలుపులో, బండి దమ్ము విడిచింది. వెనక లారీ హారను.

"లారీ వస్తాంది, పక్కకు తియ్యి! నీకు దండం పెడతా, తియ్యి!" అని సుంకులమ్మ అరిచింది.

మద్దిలేటి బండిని కాళ్లతో నెట్టుకుంటూ మట్టిలోకి దింపాడు. లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆవిడ రాయి మీద కూలబడి చెంగు నోట్లో కుక్కుకుంది. ఏం చేయాలో తోచక మద్దిలేటి నన్ను తెరిచాడు. అడవి నిశ్శబ్దంగా ఉంది. నేను పీల్చిన ఊపిరి అతనికి స్పష్టంగా వినిపించింది.

మూశాడు. కిక్కు కొడితే బండి పలికింది. ఆపి, నన్ను మళ్లీ తెరిచి తిప్పి చూశాడు. అడుగున నోరు పెట్టి ఊదాడు. గాలి అటు వెళ్లలేదు. పైన గోటితో గీరాడు. పసుపు బిళ్లలా రాలి, చిన్న రంధ్రం బయటపడింది. రాయి మీద నుంచే సుంకులమ్మ అడిగింది.

"ఏమైందయ్యా? తెలిసిందా?"

అతను గోరు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తమ్ముడు పోయిన చోటే మొగుణ్ణి తన చేత్తోనే లారీ కిందికి తోయబోయానని తెలిస్తే ఈ మనిషి బతుకుతుందా? అతను ఆలోచించింది అదేనని నాకు అర్థమైంది.

"మూత. కంపెనీ మూతే సరిగా ల్యా. గాలి ఆడడంల్యా దీనికి."

"ఇదా? దీని మొకం మండ! ఇన్ని శుక్రవారాలు దీనికేనా నేను పసుపు పెట్టింది?"

మద్దిలేటి తల తిప్పుకున్నాడు. తిట్లు నేనే తిన్నాను.

మర్నాడు ఖాజావలి పిన్నుతో నా ముక్కు పొడిచి వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. "అన్నా, మూత బంగారం మాదిరి ఉంది. కొత్తది ఎందుకు?"

"మార్చు ఖాజా. పాడైందని ఇంట్లో చెప్పినా."

మద్దిలేటి గోళ్లలో పసుపు చూసి ఖాజావలికి సంగతి అర్థమైంది. కొత్త మూత బిగించాడు. దానికి పసుపు తగిలితే గ్యారంటీ పోతుందని ఇంట్లో చెప్పమని సలహా కూడా ఇచ్చాడు. ఆ మాట పనిచేసిందని తర్వాత విన్నాను. ఇప్పుడు పసుపంతా ముందు చక్రం మడ్‌గార్డుకేనట.

నన్ను ఖాజావలి తుడిచి, ఎవరి బండికైనా పనికొస్తానని మేకుకు తగిలించాడు. నాకూ కాస్త ఆశ పుట్టింది. కొన్నాళ్లకు సుంకులమ్మ మొగుడితో పాటు షాపుకొచ్చి నన్ను గుర్తుపట్టింది.

"ఆ పాడు మూత ఇదే గదా నాయనా? దీన్ని ఎవరి బండికీ ఎయ్యొద్దు. వాళ్ల ఇండ్లల్లో గూడా ఆడోళ్లు ఎదురుచూస్తాంటారు."

ఖాజావలి మద్దిలేటి వైపు చూశాడు. మద్దిలేటి నేల చూపులు చూస్తున్నాడు.

"ఎయ్యనమ్మా" అన్నాడు ఖాజావలి. ఆవిడ కళ్లముందే మేకు మీంచి తీసి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, నన్ను పాత ఇనుము డబ్బాలో పడేశాడు.

సుంకులమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. వంకర పోయిన ముఖంతోనే ఆ ఊపిరి చప్పుడు విన్నాను. ఆవిడ అలా ఊపిరి పీల్చుకోవడానికైతే మళ్లీ అదే దెబ్బ తింటాను.